సర్ రాస్ మసూద్ – ఎల్లలు దాటిన తాలీమ్

మన సంఘం వార్షిక సంచిక కొరకు ఒక మహనీయుని జీవిత చరిత్ర వ్రాసి ఇవ్వమని కార్యదర్శి గారు మమ్ములను కోరినారు. ఎవరిని గురించి వ్రాయాలా అని రెండు మూడు రోజులు ఆలోచించినాము. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ గారిని గురించి, మౌలానా ఆజాద్ గారిని గురించి ఇటువంటి సంచికలలో చాలామంది వ్రాసినారు. మా బడిలో ఆరో తరగతి పిల్లవాణ్ణి నిలబెట్టి అడిగినా ఆ రెండు పేర్లు చెబుతాడు. కాని సర్ సయ్యద్ గారి మనుమడు ఒకరు మన హైదరాబాదుకు వచ్చి పన్నెండేండ్లు విద్యాశాఖను నడిపినారనీ, ఇక్కడి సర్కారు కోసం జపాను దేశం పోయి అక్కడి బడులు చూసి వచ్చి పెద్ద రిపోర్టు వ్రాసినారనీ, తర్వాత కాబూలు దాకా పోయి అక్కడి బాదుషాకు చదువుల విషయంలో సలహా చెప్పినారనీ అంటే పెద్దవాళ్ళు కూడా అవునా అని ఆశ్చర్యపోతారు. ఆయనే సర్ సయ్యద్ రాస్ మసూద్ గారు.

ఒక రాజ్యంలోని బడి పద్ధతి ఇంకొక రాజ్యానికి ఎట్లా చేరుతుంది, చేరిన తర్వాత అది పిల్లవానికి ఎంత ఉపయోగపడుతుంది, సర్కారుకు ఎంత ఉపయోగపడుతుంది అన్నది ఆయన జీవితం చదివితే బాగా అర్థమవుతుంది. మేము ఉర్దూ మీడియం ఉపాధ్యాయులము. అయినా ఈ వ్యాసం తెలుగులో వ్రాస్తున్నాము. ఎందుకు వ్రాస్తున్నామో చివరికి వచ్చేసరికి పాఠకులకే తెలుస్తుంది.

తాత గారి బాట

మసూద్ గారు 1889 ఫిబ్రవరి 15న పుట్టినారు. తండ్రి సయ్యద్ మహమూద్ గారు కేంబ్రిడ్జిలో చదివి అలహాబాదు హైకోర్టు జడ్జి అయినవారు. అబ్బాయి పేరులోని రాస్ అన్న మాట తండ్రి గారి ఇంగ్లీషు స్నేహితుని పేరు. ఒకే పేరులో రెండు దేశాలు కలిసినవి.

ఈ కథ నిజానికి తాత గారితోనే మొదలవుతుంది. సర్ సయ్యద్ గారు 1869లో కొడుకులను వెంటబెట్టుకొని ఇంగ్లండు పోయినారు. అక్కడి కాలేజీలు, పిల్లల వసతి గృహాలు, చదువు చెప్పే తీరు అన్నీ కళ్ళారా చూసి 1870లో తిరిగి వచ్చినారు. 1875లో అలీగఢ్‌లో బడి పెట్టినారు. 1877లో అది కాలేజీ అయింది. ఇక్కడ ఒక సంగతి జ్ఞాపకం పెట్టుకోవాలి. అంతకు ముందు, 1860లలో, సర్ సయ్యద్ గారు దేశభాషలోనే పై చదువులు చెప్పాలని గట్టిగా కోరినవారు. ఇంగ్లీషు గ్రంథాలను ఉర్దూలోకి తేవడానికి 1864లో ఒక సొసైటీ కూడా పెట్టినారు. ఆ తర్వాత మనసు మార్చుకొని పై చదువులు ఇంగ్లీషులోనే ఉండాలన్నారు. తాత వదిలిపెట్టిన ఆ పనినే మనుమడు హైదరాబాదులో తలకెత్తుకున్నాడు.

చిన్న మసూద్‌కు బిస్మిల్లా చేయించినప్పుడు సర్ సయ్యద్ గారు పిల్లవాణ్ణి తమ ఆప్తమిత్రులు రాజా జైకిషన్ దాస్ గారి ఒడిలో కూర్చోబెట్టినారు. అక్షరాల దగ్గర హిందువు, ముసల్మాను అన్న భేదం లేదని ఆ ఇంట్లో అట్లా చూపించినారు. పిల్లవానికి తొమ్మిదేండ్లు నిండగానే, 1898లో, తాత గారు కన్నుమూసినారు. 1903లో తండ్రి కూడా పోయినారు. అప్పటి అలీగఢ్ కాలేజీ ప్రిన్సిపాలు థియొడోర్ మారిసన్ గారు ఈ పిల్లవాణ్ణి తమ ఇంట్లో మనిషిగా చూసుకున్నారు. ఈ మారిసన్ గారే తరువాత లండనులో ఇండియా మంత్రి గారి కౌన్సిల్లో సభ్యులైనారు. మసూద్ గారికి పెద్ద దఫ్తర్ల తలుపులు తెరుచుకున్నది ఇటువంటి సంబంధాల వల్లనే. ఇది ఆయన తప్పు కాదు. కాని సర్కారుల విధానాలు ఏ ఇళ్ళలో, ఏ టేబుళ్ళ దగ్గర పుడతాయో తెలుసుకోవాలంటే ఇది గమనించాలి.

ఆక్స్‌ఫర్డు నుండి హైదరాబాదుకు

1906లో మసూద్ ఇంగ్లండు పోయినారు. ఆక్స్‌ఫర్డు ప్రవేశానికి లాటిన్ రావాలి. ఆ లాటిన్ చెప్పడానికి కుదిరిన యువకుడు ఇ. ఎం. ఫార్‌స్టర్. అప్పటికి ఆయన ఇంకా ప్రసిద్ధుడు కాలేదు. లాటిన్ ఎంత వచ్చిందో గాని వారిద్దరి దోస్తీ మాత్రం మసూద్ గారు చనిపోయేదాకా నిలిచింది. ఫార్‌స్టర్ 1912లో ఒకసారి, 1921లో మళ్ళీ ఒకసారి హిందూస్థాన్ వచ్చినప్పుడు మసూద్ గారి అతిథిగా ఉన్నారు. 1924లో వెలువడిన ఏ పాసేజ్ టు ఇండియా నవలను మసూద్ గారికే అంకితం చేసినారు.

మసూద్ గారు ఆక్స్‌ఫర్డులో చరిత్ర చదివి, బారిస్టరు పరీక్ష కూడా పూర్తి చేసి 1912లో వచ్చినారు. పాట్నాలో కొన్నాళ్ళు వకాలతు చేసినారు గాని మనసు నిలువలేదు. విద్యాశాఖలో చేరినారు. పాట్నాలో హెడ్మాస్టరుగా, తర్వాత కటకంలోని రావెన్‌షా కాలేజీలో చరిత్ర ప్రొఫెసరుగా పని చేసినారు. 1916లో హైదరాబాదు సర్కారు వారు ఆయనను పిలిపించి నాజిం తాలీమాత్, అంటే విద్యాశాఖ డైరెక్టరుగా నియమించినారు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై ఏడు మాత్రమే.

హైదరాబాదుకు ఇట్లా బయటి నుంచి మనుషులను తెప్పించుకొనే అలవాటు పాతదే. 1853 నుంచి 1883 దాకా దీవానుగా ఉన్న మొదటి సాలార్‌జంగ్ గారు పాలనను చక్కదిద్దడానికి ఉత్తర హిందూస్థానం నుండి పండితులను, అధికారులను రప్పించినారు. మొహ్‌సినుల్ ముల్క్, వికారుల్ ముల్క్, సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ వంటివారు అట్లా వచ్చినవారే. వీరిలో చాలామందికి అలీగఢ్‌తో చుట్టరికం వంటి సంబంధం. వీరితో పాటు కొత్త కచ్చేరీలు, కొత్త రికార్డులు, కొత్త బడులు వచ్చినవి. 1880లలో సర్కారు భాష ఫారసీ నుంచి ఉర్దూకు మారింది. పాలన గట్టిపడింది. కాని ఇక్కడే పుట్టి పెరిగినవారికి పెద్ద ఉద్యోగాలు అందడం లేదన్న బాధ కూడా అప్పటి నుంచే పెరిగింది. ముల్కీ, గైర్ ముల్కీ అన్న తగాదా మూలాలు అక్కడ ఉన్నవి. మసూద్ గారు కూడా గైర్ ముల్కీయే. ఆయన వచ్చినప్పుడు ఈ గాలి బాగానే వీస్తున్నది.

ఉస్మానియా కథ

అప్పటి దాకా రాజ్యంలో పెద్ద చదువులంటే నిజాం కాలేజీ. అది మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధం. పరీక్ష మద్రాసు వారిది, పట్టా మద్రాసు వారిది. ఇంత పెద్ద రాజ్యానికి స్వంత పట్టా లేకపోవడం పాలకులకు చిన్నతనంగా తోచింది. హోం సెక్రటరీగా ఉన్న అక్బర్ హైదరీ గారు ఉర్దూ మాధ్యమంలో విశ్వవిద్యాలయం పెట్టాలని నిజాం ప్రభువు మీర్ ఉస్మాన్ అలీఖాన్ గారికి విన్నపం సమర్పించినారు. 1917 ఏప్రిల్‌లో ఫర్మానా వెలువడింది. అదే సంవత్సరం మౌల్వీ అబ్దుల్ హఖ్ గారి ఆధ్వర్యంలో దారుల్ తర్జుమా, అంటే అనువాద శాఖ, మొదలైంది. 1919 ఆగస్టులో కాలేజీ తలుపులు తెరిచినారు. ఇంగ్లీషును అందరికీ తప్పనిసరి పాఠంగా ఉంచి, తక్కిన శాస్త్రాలన్నీ ఉర్దూలో చెప్పినారు.

దీని వెనుక పడిన శ్రమ చిన్నది కాదు. రసాయన శాస్త్రంలో, గణితంలో, చట్టంలో ఉన్న వేలాది మాటలకు ఉర్దూ మాటలు కావాలి. ఒక్కొక్క మాటకు పండితులు, శాస్త్రజ్ఞులు కలిసి కూర్చొని గంటలకొద్దీ వాదించుకునేవారు. తర్వాతి కాలంలో వైద్యం, ఇంజనీరింగు కూడా ఉర్దూలోనే చెప్పినారు. హిందూస్థానంలో ఒక దేశభాషలో విశ్వవిద్యాలయం చదువు ఇంత పెద్ద ఎత్తున సాగడం అదే మొదలు. నాజిం తాలీమాత్‌గా మసూద్ గారు ఈ పనిలో మొదటి నుంచీ ఉన్నారు. ఆయనకు నవాబ్ మసూద్ జంగ్ అన్న బిరుదు దక్కింది.

కాని చాలామందికి అనుమానం తీరలేదు. తెల్లవాళ్ళ శాస్త్రాలు మన భాషలో ఎట్లా ఇముడుతాయి, ఈ పట్టాను బయట ఎవరు గౌరవిస్తారు అన్నవారు మన వాళ్ళలోనే ఎక్కువ. వారికి జవాబు చెప్పాలంటే ఆసియాలో ఎక్కడో ఒకచోట ఇది జరిగి చూపించినవారు కావాలి. ఆ చోటు జపాను.

జపాను బడి

1922లో మసూద్ గారు జపాను పోయినారు. కొన్ని నెలలు అక్కడ ఉండి బడులు, కాలేజీలు, వాటిని నడిపే శాఖల పని పరిశీలించినారు. 1923లో జపాను, దాని విద్యావిధానం అన్న విషయంపై ఇంగ్లీషులో ఆయన నివేదిక హైదరాబాదు సర్కారు పక్షాన అచ్చయింది. ఆ తర్వాత దానికి ఉర్దూ అనువాదం వచ్చింది.

ఆయన చూసిన జపాను కూడా అరువు తెచ్చుకొని బాగుపడిన దేశమే. 1871లో ఇవాకురా అన్న మంత్రి నాయకత్వంలో ఒక పెద్ద బృందం ఓడ ఎక్కి అమెరికా, యూరపు తిరిగి 1873లో ఇల్లు చేరింది. ఆ ఓడలోనే విద్యార్థులను కూడా పంపినారు. వారిలో ఐదుగురు ఆడపిల్లలు. అందరికంటె చిన్నపిల్ల వయస్సు ఆరేండ్లు. 1872లోనే దేశమంతటికీ విద్యాశాసనం చేసినారు. బడుల విభజనకు ఫ్రాన్సు నమూనా. సలహాదారు డేవిడ్ మరే అమెరికా నుంచి వచ్చినవాడు. తర్వాత జర్మనీ పద్ధతులు తెచ్చినారు.

మొదట్లో అక్కడా ఇబ్బందులు పడ్డారు. బడి ఫీజు, పన్నులు భరించలేక 1873 ప్రాంతంలో రైతులు కొన్ని బడులను తగలబెట్టినారు కూడా. కాని పట్టు వదలలేదు. 1900లో ప్రాథమిక పాఠశాలల్లో ఫీజు తీసివేసినారు. 1907లో నిర్బంధ విద్యను ఆరేండ్లకు పెంచినారు. ఆ నాటికే నూటికి తొంభైకి పైగా పిల్లలు బడిలో పేరున్నవారు. టోక్యో విశ్వవిద్యాలయంలో మొదట విదేశీయులు ఇంగ్లీషులో, జర్మనులో పాఠాలు చెప్పేవారు. వారికి పెద్ద పెద్ద జీతాలు. ఆ లోపల తమ పిల్లలను విదేశాలకు పంపి చదివించి, వాళ్ళు తిరిగి రాగానే ఆ కుర్చీలలో కూర్చోబెట్టి జపాను భాషలోనే పాఠాలు చెప్పించినారు.

మసూద్ గారి మనసుకు ఇది బాగా పట్టింది. శాస్త్రం ఏ దేశం నుంచైనా తెచ్చుకోవచ్చు, కాని పిల్లవానికి అది వాడి భాషలో అందాలి అన్నదే ఆయన తెచ్చిన ముఖ్యమైన పాఠం. దానితో పాటు ఇంకొకటి కూడా ఆయనను ఆకర్షించింది. జపాను బడి పిల్లలకు దేశభక్తిని, చక్రవర్తి మీద విధేయతను గట్టిగా నేర్పేది. 1890లో చక్రవర్తి పేర విద్యను గూర్చిన రాజశాసనం ఒకటి వెలువడింది. బడులలో దానిని భక్తితో చదివేవారు, చక్రవర్తి పటానికి తలవంచేవారు. చదువు వల్ల పిల్లవాడు తెలివిగలవాడు కావడమే కాకుండా సర్కారుకు ఆజ్ఞాకారి కూడా కావడం ఆ పద్ధతిలో ఇమిడి ఉన్నది. ఏ రాజుకైనా ఇటువంటి బడి నచ్చకుండా ఉండదు.

జపాను కథకు ఇంకొక ముఖం కూడా ఉన్నది. 1910లో జపాను వారు కొరియాను కలుపుకున్నారు. 1911 నుంచి అక్కడి బడులలో జపాను భాషే జాతీయ భాష, ముఖ్యమైన బోధనా భాష అయింది. కొరియా పిల్లల మాతృభాష ఒక పాఠంగా మిగిలింది. తమ పిల్లలకు తల్లిభాష, చేతికింది వారి పిల్లలకు ఏలికల భాష.

ఏది తెచ్చుకున్నాము, ఏది వదిలినాము

ఇప్పుడు మన రాజ్యం సంగతి చూద్దాము. 1921 జనాభా లెక్కల నాడు హైదరాబాదు రాజ్యంలో సుమారు కోటీ పాతిక లక్షల మంది. అందులో దాదాపు సగం మంది తెలుగువారు. నాలుగో వంతు మరాఠీ వారు. కన్నడం వారు ఎనిమిదో వంతు. ఉర్దూ ఇంటి భాషగా ఉన్నవారు పదింట ఒక వంతు మాత్రమే. చదువు వచ్చినవారు అందరూ కలిసి నూటికి నలుగురు కూడా లేరు.

జపాను పాఠం ప్రకారం చేయవలసింది రెండు పనులు. మొదటిది ప్రతి పల్లెలో ప్రతి పిల్లవాణ్ణి బడికి తేవడం. రెండవది వాడి ఇంటి భాషలో చెప్పడం. మన సర్కారు తీసుకున్నది విశ్వవిద్యాలయం మెట్టు నుంచి. మాతృభాష అన్న మాటను ఉర్దూకు అన్వయించింది. కింది తరగతులలో తెలుగు, మరాఠీ, కన్నడాలకు కొంత చోటు ఉండేది. పైకి పోయిన కొద్దీ ఉర్దూయే. ఉస్మానియాలో తెలుగు శాఖ కూడా పెట్టినారు, రాయప్రోలు సుబ్బారావు గారు అందులో ఆచార్యులుగా వచ్చినారు. అది గౌరవించదగిన పని. కాని తెలుగు అక్కడ ఒక పాఠమే గాని, పాఠాలు చెప్పే భాష కాలేదు.

1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధని హాలులో సంఘ సంస్కార మహాసభ జరిగింది. అధ్యక్షులు పూనా నుంచి వచ్చిన కార్వే పండితులు. అక్కడ ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే సభలో కొందరు గేలి చేసి కూర్చోబెట్టినారు. ఆ అవమానంతోనే ఆంధ్ర జన సంఘం పుట్టింది. కొన్నేండ్లకు, 1930లో, జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. ఇందులో ఒక విచిత్రం ఉన్నది. ఆ కార్వే గారు 1916లో మహిళా విశ్వవిద్యాలయం పెట్టింది టోక్యోలోని మహిళా విద్యాలయాన్ని గురించిన చిన్న పుస్తకం చదివిన ప్రేరణతోనే. ఆయన అక్కడ దేశభాషలోనే పాఠాలు చెప్పించినారు. ఆ సభ జరిగిన కొన్ని నెలలకే మసూద్ గారు జపాను పోయినారు. ఒకే జపాను గాలి ఒకే ఊరికి రెండు తలుపుల నుంచి వచ్చింది. ఆ ఊరిలోనే తెలుగు మాట్లాడినవాణ్ణి కూర్చోబెట్టినారు.

1920ల నడుమ సర్కారు వారు ఇంకొక గస్తీ తెచ్చినారు. ఖాన్గీ బడులు, అంటే ఊరివాళ్ళు తమంతట తాము చందాలు వేసుకొని నడుపుకునే బడులు, ముందుగా అనుమతి పొందాలి. తెలుగు పిల్లలకు ఆసరాగా ఉన్న చాలా బడులు ఈ నిబంధన వల్ల దెబ్బతిన్నవి. దీనిని తీసివేయాలని ఆంధ్ర మహాసభ వారు పదే పదే కోరినారు. ఆ గస్తీ వచ్చిన నాటికి విద్యాశాఖ డైరెక్టరు మసూద్ గారే. ఆ నిర్ణయంలో ఏ చేయి ఎంత అన్న లెక్క మేము తీయబోవడం లేదు. కాని ఆయన కుర్చీలో ఉన్న కాలంలోనే అది జరిగింది. మహనీయుని జీవితం వ్రాసేటప్పుడు ఇష్టమైన పేజీలు మాత్రమే వ్రాస్తే అది జీవితం కాదు, తారీఫు అవుతుంది.

అలీగఢ్, ఆపైన కాబూలు

మసూద్ గారు 1928లో హైదరాబాదు వదిలినారు. 1929లో అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలరు అయినారు. అప్పుడు అక్కడ పరిస్థితి బాగా లేదు. చదువు స్థాయి పడిపోయిందని, పార్టీలు ముదిరినాయని విచారణ సంఘం చెప్పి ఎక్కువ కాలం కాలేదు. తాత గారు కట్టిన ఇంటిని మనుమడు మరమ్మత్తు చేయవలసి వచ్చింది. సైన్సు శాఖల మీద దృష్టి పెట్టినారు. విరాళాలు తెచ్చినారు. యూరపు నుంచి మంచి అధ్యాపకులను వెతికి తెచ్చినారు. 1930లో గణిత శాస్త్రం చెప్పడానికి ఆంద్రే వేయ్ అన్న ఫ్రెంచి యువకుణ్ణి తెప్పించినారు. అప్పటికి ఆయనకు ఇరవై నాలుగేండ్లు కూడా నిండలేదు. ఇక్కడ రెండేండ్లకు మించి ఉండలేదు గాని, తర్వాత ఆయన ప్రపంచంలోని గొప్ప గణితజ్ఞులలో ఒకరైనారు.

1933లో మసూద్ గారికి సర్ బిరుదు వచ్చింది. ఆ సంవత్సరమే అఫ్గానిస్థాన్ బాదుషా నాదిర్ షా నుండి ఆహ్వానం అందింది. అల్లామా ఇక్బాల్, మౌలానా సయ్యద్ సులేమాన్ నద్వీ, రాస్ మసూద్, ఈ ముగ్గురు కాబూలు వచ్చి చదువుల విషయంలో, ముఖ్యంగా విశ్వవిద్యాలయం విషయంలో సలహా ఇవ్వాలని కోరినారు. ఒకరు తత్వవేత్త అయిన కవి, ఒకరు ఆలిమ్, ఒకరు బడులు నడిపిన అనుభవం ఉన్నవారు. అక్టోబరు నెలలో బయలుదేరి ఖైబరు దాటి పోయినారు.

నాదిర్ షాకు వీరే ఎందుకు కావలసి వచ్చినారు? అంతకు ముందు ఏలిన అమానుల్లా రాజు యూరపు పద్ధతులు తొందరగా దించబోయినాడు. ఫ్రెంచి వారితో ఒక బడి, జర్మనులతో ఒక బడి పెట్టించినాడు. 1928లో ఆడపిల్లలను చదువుకు టర్కీ పంపినాడు. తిరుగుబాటు వచ్చి 1929లో గద్దె పోయింది. కొత్త బాదుషాకు కొత్త చదువు కావాలి, కాని జనం దృష్టిలో అది దీన్‌కు విరుద్ధంగా కనబడకూడదు. అందుకే ముసల్మానులైన సలహాదారులు, ఆధునిక విద్య తెలిసినవారు, పొరుగు దేశం వారు కావలసి వచ్చింది. సలహా ఎంత మంచిదో అన్నదానితో పాటు, సలహా చెప్పేవారి పేరు తన గద్దెకు ఎంత బలమిస్తుందో కూడా ఏ సర్కారైనా చూసుకుంటుంది.

ముగ్గురూ అక్కడి మంత్రులతో కూర్చొని మాట్లాడినారు. గజనీ, కందహారు మీదుగా తిరిగి వచ్చినారు. వారు ఇల్లు చేరిన కొద్ది రోజులకే, 1933 నవంబరు 8న, బడి పిల్లలకు బహుమతులు పంచే సభలో ఒక విద్యార్థి నాదిర్ షాను కాల్చి చంపినాడు. బడులు పెంచాలన్న బాదుషా బడి పిల్లల మధ్యనే పోయినాడు. ఆ తర్వాతి సర్కారు 1936లో పష్తోను అధికార భాష చేసి, ఫారసీ మాట్లాడే పిల్లలకు కూడా బడిలో అదే చెప్పించబోయింది. అది సాగక పదేండ్లకు వదులుకోవలసి వచ్చింది. హైదరాబాదులో చూసినదే కాబూలులోనూ కనబడుతున్నది.

చివరి రోజులు

అలీగఢ్‌లో లోపలి తగాదాలతో విసిగి మసూద్ గారు 1934లో రాజీనామా ఇచ్చినారు. భోపాలు నవాబు హమీదుల్లా ఖాన్ గారు ఆయనను తమ రాజ్యంలో విద్యామంత్రిగా పెట్టుకున్నారు. ఇక్బాల్ గారు జబ్బుతో ఉన్న రోజులవి. మసూద్ గారు ఆయనను భోపాలు పిలిపించి, తమ ఇంట్లో ఉంచుకొని, వైద్యం చేయించినారు. నవాబు గారితో చెప్పి నెలకు అయిదు వందల రూపాయల వజీఫా ఏర్పాటు చేయించినారు. ఎదుటివాని కష్టం తెలిసి, వాడు అడగకముందే సాయం చేయడం మసూద్ గారి స్వభావం. మనిషి భారీ విగ్రహం, నవ్వు ముఖం, నోటి నిండా ఉర్దూ కవిత్వం.

కాని జబ్బు మనిషి కంటె ముందు ఆయనే పోయినారు. 1937 జూలై 30న భోపాలులో కన్నుమూసినారు. నలభై ఎనిమిదేండ్ల వయస్సు. అలీగఢ్ తీసుకుపోయి విశ్వవిద్యాలయం మసీదు ఆవరణలో తాత గారి పక్కన ఖననం చేసినారు. ఇక్బాల్ గారు ఆయన కోసం స్మృతి గీతం వ్రాసినారు. ఇంగ్లండులో ఫార్‌స్టర్ గారు వ్యాసం వ్రాసినారు. మరుసటి సంవత్సరం ఇక్బాల్ గారు కూడా వెళ్ళిపోయినారు. 1939 డిసెంబరులో ఉస్మానియా ఆర్ట్సు కాలేజీ భవనం ప్రారంభమైంది. దాన్ని చూసే భాగ్యం మసూద్ గారికి లేకపోయింది.

మనకు మిగిలిన పాఠం

1948లో రెండు సంగతులు జరిగినవి. జూన్ నెలలో జపాను పార్లమెంటు ఆ 1890 నాటి రాజశాసనం ఇక చెల్లదని తీర్మానించింది. విధేయత ఎక్కువగా నేర్పిన బడి దేశాన్ని ఏ యుద్ధంలోకి దింపిందో అప్పటికి వారికి అనుభవమైంది. సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యం భారత దేశంలో కలిసింది. ఆ తర్వాత ఉస్మానియాలో ఉర్దూ మాధ్యమం పోయి ఇంగ్లీషు వచ్చింది. దారుల్ తర్జుమా పండితులు ముప్పై ఏండ్లు కూర్చిన మాటలు అల్మారాల్లోకి పోయినవి. రాజు ఫర్మానాతో వచ్చిన భాష, రాజ్యం పోగానే వెళ్ళిపోయింది. తెలుగు పిల్లలకు కూడా ఆ చదువులో సమానమైన పాలు దక్కి ఉంటే, దాన్ని నిలబెట్టడానికి పల్లె పల్లె నుంచి మనుషులు వచ్చేవారని మా నమ్మకం.

అయినా ఆ శ్రమ అంతా వృథా అయిందని అనలేము. పై చదువులకు తెలుగు పుస్తకాలు తయారు చేయడానికి 1968లో తెలుగు అకాడమీ పెట్టినప్పుడు, అదే ఊరిలో అర్ధ శతాబ్దం క్రితం అదే పని జరిగి ఉన్నది. 1998లో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం హైదరాబాదులోనే ఏర్పడింది. ఉస్మానియా నాటి ఉర్దూ చదివిన దాశరథి కృష్ణమాచార్యులు గారు గాలిబును తెలుగువారికి ఇచ్చినారు. రాజ్యం భాష ఏదైనా మనుషులు ఒకరి నుంచి ఒకరు నేర్చుకుంటూనే ఉంటారు.

ఇప్పుడు మన స్థితి తిరగబడింది. మా తరగతిలో కూర్చున్న పిల్లలు పదింట ఒక వంతు వాళ్ళ పిల్లలు. ఉర్దూ బడికి టీచరు కావాలని, పుస్తకాలు వేళకు రావాలని అర్జీలు పట్టుకొని తిరిగేది మనమే. పిల్లవానికి వాడి ఇంటి భాషలో చెప్పాలన్న మసూద్ గారి మాటే మన అర్జీకి బలం. అయితే ఆ మాటను మన కొరకు మాత్రమే వాడుకుంటే 1921 నాటి సభలో గేలి చేసినవారికీ మనకూ తేడా ఉండదు. ఆదిలాబాదులో గోండు పిల్లవానికి, తండాలో లంబాడీ పిల్లకు, నల్లమలలో చెంచు పిల్లవానికి కూడా అదే హక్కు ఉన్నది. మన సంఘం వారు ఉర్దూ బడుల కోసం అధికారుల దగ్గరకు పోయినప్పుడు వాళ్ళ పక్షాన కూడా ఒక మాట చెప్పి రావాలని మా కోరిక.

ఇక మన ఇళ్ళలో చేయవలసిన పని. పిల్లలకు ఉర్దూ బాగా నేర్పండి, దానితో పాటు తెలుగు కూడా బాగా నేర్పండి. మండలాఫీసులో, ఆసుపత్రిలో, బస్టాండులో పక్కవానితో మాట్లాడే భాష అది. మేము చిన్నప్పుడు తెలుగును పరీక్ష కోసమే చదివినాము. ఇష్టంగా చదువుకున్నది ఉద్యోగంలో చేరిన తర్వాతనే. ఆ ఆలస్యం మా పిల్లలకు వద్దు. ఈ వ్యాసం తెలుగులో వ్రాయడానికి కారణం ఇదే. మసూద్ గారు మన ఉర్దూ వాళ్ళ పెద్ద మనిషి. ఆయన చేసిన మేలును, ఆయన నాటి సర్కారు చేసిన అన్యాయాన్ని, రెంటినీ మన తెలుగు ఇరుగు పొరుగు వాళ్ళకు వాళ్ళ భాషలో మన నోటితోనే చెప్పడం మర్యాద అనిపించింది.

జపాను నుంచి వచ్చినా, కాబూలు పోయినా, ఢిల్లీ నుంచి దిగినా, ఏ విద్యావిధానం వచ్చినా పెద్దలు ముందుగా ఒక సంగతి విచారించాలి. ఆఖరి బెంచీలో కూర్చున్న పిల్లవానికి ఇందులో ఏమి అందుతున్నది? ఆ విచారణ ప్రతి ఏటా చేసే సంఘంగా మన సంఘం పేరు తెచ్చుకోవాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాము.